సమస్యాపూరణం: ఒక్క గీత కనుల కుభయమయ్యె

నిర్వాహకుడు: ఆటవెలదిలో పూరించండి. విషయం మోయ్సనైటు అనే మణి. 1893లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆంరీ మోయ్సాన్ అమెరికాలోని ఆరిజోనాలో దొరికిన కాన్యన్ డయాబ్లో ఉల్కలో ఈ సిలికాన్ కార్బైడు స్ఫటికాలను చూసి వజ్రాలే అనుకున్నాడు. 1904లో గానీ సంగతి తేలలేదు. మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 9.25, వజ్రానికి 10. పద్యంలో చెప్పిన గుణం నిజమై ఉండాలి.

శిలాప్రియ:
వజ్రమొకటి తెచ్చి వాడి భూతద్దాన
వెనుకవైపు చూడ విస్మయముగ
అంచులన్ని జంటలగుచు మెఱసె నహా!
ఒక్క గీత కనుల కుభయమయ్యె

నిర్వాహకుడు: శిలాప్రియ గారూ, నడక చక్కగా ఉంది. కానీ వజ్రం ఘనవ్యవస్థ (క్యూబిక్) స్ఫటికం, అన్ని దిశల్లోనూ ఒకే తీరు, అందులో కాంతి చీలదు. ఎంత వంచి చూసినా గీత ఒక్కటే. "మోయ్సనైటు తెచ్చి మురిసి భూతద్దాన" అనండి, యతీ నిలుస్తుంది, నిజమూ నిలుస్తుంది.

వేగుచుక్క:
ఉల్క గర్భమందు నుదయించు మణిలోన
వెలుగు చీలి రెండు వీథులఁ జన
ప్రక్కకింత వంచి పరికించి చూడగా
ఒక్క గీత కనుల కుభయమయ్యె

నిర్వాహకుడు: అద్భుతం! ఆ రెండు వీథుల వక్రీభవన గుణకాలు (కాంతి ఎంత వంగుతుందో చెప్పే కొలతలు) 2.65, 2.69. "ప్రక్కకింత వంచి" అన్నదే ఈ పూరణకు ప్రాణం. స్ఫటికాక్షం వెంబడి చూస్తే చీలిక కనబడదు. ప్రయోగశాలలో పెంచిన రాయిని సానపట్టేవారు పై పలకను ఆ అక్షానికి అడ్డంగా నిలుపుతారు. అందుకే నిటారుగా చూసినవారికి అంచు ఒంటిగానే ఉంటుంది. కొంచెం వంచి పక్క పలకలోంచి చూడండి, అడుగు అంచులు జంటగీతలై కనిపిస్తాయి.

మందాకిని:
వానవిల్లు వోలె వర్ణాలు వెదజల్లు
వజ్రమునకు మించు ప్రభలు చిమ్ము
సూర్యుకంటె ముందు చుక్కఁ బుట్టు మణిని
ఒక్క గీత కనుల కుభయమయ్యె

నిర్వాహకుడు: రెండో పాదంలో 'వ'కు 'ప్ర' యతి చెల్లుతుంది గానీ, "వన్నె చిమ్ము" అంటే ఇంకా సొగసు. భావం ఒప్పే: వర్ణవిక్షేపణం (కాంతిని రంగులుగా విడదీసే గుణం) వజ్రానికి 0.044, దీనికి 0.104.

వేగుచుక్క: మూడో పాదం మీద నాదొక అభ్యంతరం. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో సూర్యుడికన్నా పాత సిలికాన్ కార్బైడు రేణువులున్న మాట నిజం. అయితే అవి వెంట్రుక మందం కూడా లేనివి, పైగా ఎక్కువ భాగం ఘనవ్యవస్థవే. శిలాప్రియ గారి వజ్రానికి చెప్పిందే వీటికీ వర్తిస్తుంది. "ఆరు కోణములుగ నమరిన మణిలోన" అంటే కాంతిని చీల్చే షట్కోణ స్ఫటికమని తెలుస్తుంది.

మందాకిని: రెండు సవరణలూ స్వీకరించాను. ఆ చుక్క పాదాన్ని వదులుకోవడానికి మాత్రం మనసొప్పడం లేదు. దానికి తగిన సమస్య ఇంకొకటి ఇవ్వండి.