క్రియాటినిన్ 1.3 నుంచి 115కి ఎగబాకింది! హెల్త్ రికార్డు యాప్‌లో ఏవి ఎక్కించాలి, ఎలా?

మందారం (ప్రశ్న):

అమ్మకు 68 ఏళ్లు. షుగరు, బీపీ ఎప్పటినుంచో ఉన్నాయి. ఈమధ్య కిడ్నీల పనితీరు కొంచెం తగ్గిందన్నారు. చూసే డాక్టర్లు ముగ్గురు, రక్తపరీక్షలు రెండు ల్యాబుల్లో. ఫైళ్లు మోయలేక రిపోర్టులన్నీ ఫొటో తీసి ఒక హెల్త్ రికార్డు యాప్‌లోకి ఎక్కిస్తున్నాను. యాప్ ఫొటోలోంచి అంకెలు తనే చదువుకుని గ్రాఫ్ గీస్తుంది.

కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ గ్రాఫ్‌లో 1.2, 1.3 తర్వాత ఒక్కసారిగా 115 పడింది. యాప్ నిండా ఎర్ర గుర్తులే. ల్యాబువాళ్లనడిగితే రిపోర్టులో తప్పేమీ లేదంటున్నారు. ఇది ఒక చిక్కు. ఇంట్లో చూసే షుగరు, బీపీ రోజూ నాలుగైదుసార్లు ఎక్కిస్తున్నా డాక్టరు ఫోను తీసుకుని రెండుసార్లు పైకీ కిందికీ జరిపి ఇచ్చేస్తున్నారు, చదవడం లేదు. ఇది రెండోది. ఇక మందుల జాబితా చూస్తే ఆపేసినవి, మార్చినవి అన్నీ కలిసిపోయి గందరగోళంగా ఉంది.

అసలు ఏవి ఎక్కించాలి, ఏవి వదిలేయొచ్చు?

ల్యాబ్‌బెంచి:

ముందు ఆ రిపోర్టులో అంకె పక్కనున్న యూనిట్ చూడండి. మొదటి ల్యాబు డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తూ, రెండోది లీటరుకు మైక్రోమోళ్లలో ఇస్తుంటే రెండూ ఒకటే. 1.3ని 88.4తో గుణించండి, 114.9 వస్తుంది. అంటే కిడ్నీలకు కొత్తగా ఏమీ కాలేదు, కొలమానం మారింది. ఒకవేళ 115 పక్కన మిల్లీగ్రాములనే అచ్చయి ఉంటే అది ల్యాబు తప్పే. అంత విలువ మనుషుల్లో ఉండదు. రిపోర్టు సరిచేసి ఇమ్మనండి.

యాప్ ఎందుకు పప్పులో కాలేసిందంటే, ఫొటోలోంచి చదివేటప్పుడు పరీక్ష పేరూ అంకే పట్టుకుని యూనిట్‌ను గాలికొదిలేసింది. ల్యాబు నుంచి నేరుగా యాప్‌లోకి వచ్చే డేటాలో ఈ బాధ తక్కువ. అక్కడ ప్రతి పరీక్షకూ లోయింక్ అనే సంకేతం ఉంటుంది. మిల్లీగ్రాముల్లో కొలిచిన క్రియాటినిన్‌కు 2160-0, మోళ్లలో కొలిచినదానికి 14682-9. సంకేతం చూసే యాప్ ఈ రెంటినీ ఒకే గీత మీద పెట్టదు.

ఇదే తికమక పెట్టే జంటలు ఇంకా ఉన్నాయి. గ్లూకోజుకు గుణకం 18, కాబట్టి 7 మిల్లీమోళ్లంటే 126 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్‌కు 38.67. హిమోగ్లోబిన్ లీటరుకు 130 గ్రాములని వస్తే డెసీలీటరుకు 13. రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ మాత్రం ఒట్టి గుణకారంతో తేలదు. శాతంలోంచి 2.15 తీసేసి 10.929తో గుణించాలి. అలా 7 శాతం అంటే మోలుకు 53 మిల్లీమోళ్లు అవుతుంది. పొటాషియం ఒక్కటి నిశ్చింత, మిల్లీఈక్వివలెంట్లయినా మిల్లీమోళ్లయినా అంకె మారదు.

ఇప్పుడు చేయాల్సింది: ఒక యూనిట్ ఎంచుకుని గ్రాఫ్ అంతా అందులోకి తెండి. మార్చిన ప్రతి విలువ దగ్గరా నోట్‌లో "అసలు 115, మైక్రోమోళ్లు, ఫలానా ల్యాబు" అని రాయండి. ఒరిజినల్ పీడీఎఫ్ జోలికి వెళ్లొద్దు. లెక్కలో మనం తప్పినా సరిచూసుకోవడానికి అదే ఆధారం.

ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా) సంగతి వేరు. అది కొలిచింది కాదు, క్రియాటినిన్, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవి సూత్రంలో వేసి లెక్కకట్టింది. ఒక ల్యాబు 2021 సీకేడీ-ఎపి సూత్రం వాడి, ఇంకో ల్యాబు పాతది వాడితే ఒకే క్రియాటినిన్‌కు రెండు ఈజీఎఫ్‌ఆర్‌లు వస్తాయి. ల్యాబులు మారినప్పుడు పోలికకు క్రియాటినిన్‌నే చూడండి.

రిపోర్టు అడుగున చిన్నక్షరాల్లో ఉండే వ్యాఖ్య కూడా ఎక్కించాలి. యాప్‌లు తరచూ వదిలేసేది దాన్నే. "శాంపిల్ హీమోలైజ్ అయింది" అని ఉంటే ఎర్రకణాలు పగిలి వాటిలోని పొటాషియం బయటికొచ్చి ఉంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు పొటాషియం 6 అని కనిపిస్తే హడావుడి మొదలవుతుంది. ఆ ఒక్క వాక్యం పక్కన ఉంటే ముందు మళ్లీ పరీక్ష చేయిస్తారు.

ఎర్ర గుర్తుల గురించి ఒక మాట. మామూలు హద్దులను చాలా పరీక్షలకు ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది విలువలు ఇమిడేలా పెడతారు. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికైనా కనీసం ఒక ఎర్ర గుర్తు రావడానికి 64 శాతం అవకాశముంది. రంగుకన్నా పాత విలువతో తేడా ఎంతుందో చూడటం ముఖ్యం.

మాత్రలడబ్బా:

మందుల గందరగోళం గురించి. ఆపేసిన మందును డిలీట్ చేయకండి, "ఆపినది"లోకి మార్చి తేదీ, కారణం రాయండి. "దగ్గు వచ్చిందని ఆపారు" అన్న మూడు మాటలు లేకపోతే మరో డాక్టరు అదే మందు మళ్లీ రాస్తారు. చాలామంది జాబితా శుభ్రంగా ఉండాలని పాతవన్నీ చెరిపేస్తారు. పనికొచ్చే సమాచారం పోయేది అక్కడే.

ఒక్కో మందుకు ఇవి ఉండాలి: జెనరిక్ పేరు (లోపలున్న మందు అసలు పేరు), బలం, ఎన్ని మాత్రలు, ఏ వేళకు, తిండికి ముందా తర్వాతా, మొదలుపెట్టిన తేదీ, రాసిన డాక్టరు. బ్రాండు పేరొక్కటే రాస్తే రెండు వేర్వేరు పెట్టెల్లో ఒకే మందు ఉన్న సంగతి బయటపడదు. కాంబినేషన్ మాత్రలకు లోపలున్న మందులన్నీ విడివిడిగా రాయండి. మెట్‌ఫార్మిన్ ఒంటరిగా ఒకటి, గ్లిమెపిరైడ్‌తో కలిపి ఇంకొకటి ఉంటే మొత్తం మెట్‌ఫార్మిన్ ఎంతవుతోందో అప్పుడే తెలుస్తుంది. కిడ్నీ డాక్టరుకు కావాల్సింది ఆ మొత్తమే. పేరు చివర ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్ లాంటి అక్షరాలుంటే వదలొద్దు. నెమ్మదిగా కరిగే మాత్రా మామూలు మాత్రా ఒకటి కావు.

చీటీ లేకుండా కొనేవీ రాయాలి. ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో క్రియాటినిన్ పెరగడానికి ఇవొక కారణం, కానీ ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ కనిపించవు.

అంకెలు రాసే పద్ధతి కూడా ముఖ్యం. అర మిల్లీగ్రామును 0.5 అని రాయండి, ముందు సున్నా లేకపోతే చుక్క కనబడక 5 అవుతుంది. అయిదును 5.0 అని రాయొద్దు, అదే చుక్క పోతే 50. ఇన్సులిన్‌కు "యూనిట్లు" అని పూర్తిగా రాయండి. పొట్టిగా ఇంగ్లీషు అక్షరం పెడితే అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అయిన సందర్భాలున్నాయి. థైరాయిడ్ మాత్ర మైక్రోగ్రాముల్లో ఉంటుంది, యాప్‌లో డిఫాల్ట్‌గా మిల్లీగ్రాములు వచ్చేస్తుంది, మార్చుకోండి. ఫొటో తీసి ఎక్కించిన ప్రతి మందునూ పెట్టె చేతిలో పట్టుకుని ఒకసారి సరిచూడాల్సిందే.

ఎలర్జీ గడిలో మందు పేరుతో ఆగకండి. ఏమయింది, ఎంతసేపటికి, ఎలా తగ్గింది రాయండి. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోవడమూ, కడుపులో తిప్పడమూ డాక్టరుకు ఒకటి కాదు.

కఫ్‌సైజు:

డాక్టరు ఎందుకు చదవడం లేదంటే, అక్కడ చదవడానికేమీ లేదు. వందల అంకెలున్నాయి, ఏ అంకె ఏ పరిస్థితిలో వచ్చిందో లేదు. తక్కువ రీడింగులు తీసి, తీసినవి పద్ధతిగా తీయండి.

బీపీ: డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఏడు రోజులు చాలు (మందు కొత్తగా మార్చినప్పుడు, కళ్లు తిరిగినప్పుడు వేరే). పొద్దున మాత్రలు వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, రెంటి మధ్యా ఒక నిమిషం. ముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, వీపు ఆనాలి, పాదాలు నేలమీద ఉండాలి, చేతికి చుట్టే పట్టీ (కఫ్) గుండె ఎత్తులో ఉండాలి. కాఫీ, సిగరెట్, వ్యాయామం అరగంట ముందే ఆపాలి. మొత్తం 28 రీడింగుల్లో మొదటిరోజు నాలుగూ తీసేసి, మిగతా 24కు సగటు కట్టండి. ఇంటి సగటు 135/85 అంటే క్లినిక్‌లో 140/90తో సమానంగా చూస్తారు. చేతి చుట్టుకొలతకు కఫ్ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, కఫ్ మీద రాసిన సెంటీమీటర్ల హద్దు చూసుకోండి.

బాగోలేని రీడింగు వచ్చిందని మళ్లీ మళ్లీ తీసి, నచ్చింది మాత్రం ఎక్కించడం అందరూ చేసే పనే. అలాంటి సగటు ఎవరికీ పనికిరాదు.

బ్లూటూత్ మెషీన్లతో రెండు తిరకాసులు. బ్యాటరీ మార్చినప్పుడు కొన్నింటిలో గడియారం మొదటికి పోతుంది, కొత్త రీడింగులు యాప్‌లో ఎప్పటివో పాత తేదీలకు చేరతాయి. "డేటా రావడం లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఇవే, గ్రాఫ్‌లో వెనక్కి వెళ్లి చూడండి. రెండోది, ఇద్దరు వాడే మెషీన్‌లో 1, 2 అని మీట ఉంటుంది. అది మార్చకుండా ఇంకొకరు చూసుకుంటే వాళ్ల బీపీ అమ్మగారి ఖాతాలో పడుతుంది.

షుగరు: రోజంతా అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా జంటగా తీయండి. తినేముందు ఒకటి, మొదటి ముద్ద పెట్టుకున్నప్పటినుంచి రెండు గంటలకు ఇంకొకటి. ఒకరోజు పొద్దున, మర్నాడు మధ్యాహ్నం, ఆ మర్నాడు రాత్రి. తినేముందా తర్వాతా అన్న ట్యాగ్ లేని 190కి అర్థం లేదు. 70కి దిగితే మాత్రం వేళ, ముందు ఏం తిన్నారు, ఏ మందు ఎన్నింటికి, ఏం చేస్తే తేరుకున్నారు అన్నీ రాయాలి. డాక్టరు ముందు చూసేది వాటినే. చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోండి, వేలికి పండురసం అంటితే అంకె పెరుగుతుంది. గ్లూకోమీటరును ల్యాబు విలువతో కలిపి ఒకే గీతగా గీయొద్దు. ఐఎస్‌ఓ 15197 ప్రమాణం ప్రకారమే 100 పైన 15 శాతం అటూఇటూ తేడాను ఒప్పుకుంటారు. ల్యాబులో 200 ఉన్న రక్తానికి మీటరు 170 చూపినా 230 చూపినా ఆ హద్దులోనే ఉన్నట్టు.

డాక్టరుకు ఫోను ఇవ్వకండి. ఒక్క పేజీ పీడీఎఫ్ చేసి ప్రింటు తీయండి. పైన మూడు లైన్లు: కిందటిసారి నుంచి ఏం మారింది, ఇప్పుడున్న ఇబ్బంది, అడగాల్సిన ప్రశ్న. కింద బీపీ సగటు, 70కి దిగిన షుగర్లు, బరువు, చివరి నాలుగు క్రియాటినిన్‌లు తేదీలతో, మందులు, ఎలర్జీలు. యాప్ ఇచ్చే పద్నాలుగు పేజీల రిపోర్టు ఎవరూ తిప్పరు.

మందారం:

యూనిట్ చూశాను, మైక్రోమోళ్లే! అందరికీ చాలా థాంక్సండీ. ఇంకో రెండు. తమ్ముడు దూరంగా ఉంటాడు, వాడికీ ఇవన్నీ కనబడాలి, ఇద్దరం ఒకే లాగిన్ వాడొచ్చా? ఇంత కష్టపడి ఎక్కించాక యాప్ మూతపడితే ఏంటి గతి?

ఎగుమతి:

ఒకే లాగిన్ వద్దండీ. ఓటీపీ ఒక్క నంబరుకే వస్తుంది, ఎవరు ఏం మార్చారో తేలదు, ఆ నంబరు పోతే ఖాతా కూడా పోయినట్టే. కుటుంబసభ్యులకు యాక్సెస్ ఇచ్చే ఏర్పాటు ఉన్న యాప్ అయితే అమ్మగారి పేరున ప్రొఫైల్ పెట్టి, మార్చే హక్కు మీకు, చూసే హక్కు మాత్రం తమ్ముడుగారికి ఇవ్వండి. డాక్టరుకు పంపే లింకులకు గడువు పెట్టండి.

మూతపడటం ఊహ కాదు. గూగుల్ హెల్త్ 2012 జనవరి 1న ఆగిపోయింది, మైక్రోసాఫ్ట్ హెల్త్‌వాల్ట్ 2019 నవంబరు 20న. అంత పెద్ద కంపెనీలవే నిలవలేదు. అందుకే యాప్ ఎంచుకునేటప్పుడు మొదట వెతకాల్సింది డేటాను బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ మీట. ఒట్టి పీడీఎఫ్ ఇస్తే అంకెలన్నీ మళ్లీ కొట్టుకోవాల్సి వస్తుంది, సీఎస్‌వీ (పట్టికలా తెరుచుకునే ఫైలు) గానీ ఎఫ్‌హెచ్‌ఐఆర్ (హెల్త్ రికార్డులు మార్చుకునే ప్రామాణిక పద్ధతి) గానీ ఇవ్వాలి. మూడు నెలలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తేదీల్లో రోజూ నెలా తారుమారు అవుతున్నాయా, యూనిట్ గడి వచ్చిందా, నోట్స్ వచ్చాయా. నోట్స్ రాకపోవడం ఎక్కువ. ల్యాబ్‌బెంచి గారు రాయమన్న "అసలు 115" అన్న మాట పోతే కష్టమే.

డేటా ఫోనులోనే దాచే యాప్‌లూ ఉన్నాయి. గోప్యతకు మంచిదే, కానీ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అంతా పోతుంది. క్లౌడ్‌లో దాచేవాటిలో ఇంకో చిక్కు. ఆసుపత్రిని కట్టిపడేసే గోప్యతా నియమాలు మనం సొంతంగా వేసుకున్న యాప్‌కు అన్ని దేశాల్లోనూ వర్తించవు. కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఇవ్వకండి, రికార్డులు దాచడానికి వాటితో పని లేదు.

లాక్ స్క్రీన్ మీద కనిపించే ఎమర్జెన్సీ సమాచారం అమ్మగారి ఫోనులోనే నింపండి, మీ ఫోనులో ఉంటే ఆవిడకు ఒరిగేదేమీ లేదు. ఐఫోన్‌లో మెడికల్ ఐడీ నింపాక లాక్‌లో ఉన్నప్పుడు చూపించే మీట ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అది ఎవరైనా చదవగలరు కాబట్టి ఎలర్జీలు, ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందులు, ఫోన్ చేయాల్సిన నంబరు వరకే ఉంచండి.

మందారం:

స్కాన్ ఫిల్ములు కూడా ఫొటో తీసి పెట్టేయనా?

ఎగుమతి:

ఫిల్ము ఫొటో గుర్తుకు పనికొస్తుంది, చదవడానికి కాదు. రిపోర్టు పీడీఎఫ్ యాప్‌లో పెట్టండి. సీడీ ఇస్తే అందులోని డైకామ్ (స్కాన్ బొమ్మల అసలు ఫైళ్లు) ఫోల్డరు మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేయండి, ఒక్కో ఫైలు విడదీయొద్దు. ఫోల్డరు పేరు 2024-03-05 లాగా సంవత్సరంతో మొదలుపెడితే వరుస తప్పదు.