పిడుగుపాటుకు పోయిన అన్నయ్య జ్ఞాపకార్థం: అనుభవజ్ఞుల సలహా కావాలి

నిరుడు వానాకాలం పత్తి చేలో గుంటుక తోలుతుండగా వాన మొదలవడంతో, ఎడ్లను విప్పి వేపచెట్టు కిందికి చేరిన మా అన్నయ్య పిడుగుపాటుకు అక్కడికక్కడే ప్రాణాలు విడిచాడు. ఎడ్లకు మేత వేయనిదే కంచం ముందు కూర్చునేవాడు కాదు. పంట అమ్మిన ప్రతిసారీ నా ఫీజు డబ్బును ముందుగా రుమాలులో మూటగట్టి పక్కన పెట్టేవాడు.

సంవత్సరీకం దగ్గరపడుతోంది. శిలాఫలకం కన్నా పదిమందికి పనికొచ్చేదే అన్నయ్యకు తగిన గుర్తని నమ్మి, చేల మధ్య కూలీలు తలదాచుకునేందుకు పిడుగు నిరోధకంతో చిన్న గది కట్టించాలని వదిన, నేను అనుకుంటున్నాం. నల్లరేగడి నేలలో రాగి కడ్డీకి ఎర్తింగ్ గుంత ఎంత లోతు తీయాలో, రేకుల కప్పు సరిపోతుందో, స్లాబే వేయాలో తెలిసినవారు దయచేసి తెలియజేయగలరు. ‘దామిని’ యాప్‌లో వచ్చే పిడుగు హెచ్చరికను మైకులో ఊరంతటికీ వినిపించే ఏర్పాటు ఎక్కడైనా ఉంటే, అది ఎలా నడుస్తోందో కూడా చెప్పండి.