బావి నీళ్లకు ఓజోన్ ఒక్కటే చాలా, బ్లీచింగ్ కూడా వేయాలా?

కోనసీమ_కొబ్బరి: బావి అడ్డం 3 మీటర్లు, నీళ్లు 4 మీటర్లు. ఇంట్లో ఎవరికీ బ్లీచింగ్ వాసన పడదు. గంటకు 200 మిల్లీగ్రాముల ఓజోన్ (క్రిములను చంపే వాయువు) తయారుచేసే మిషన్ గొట్టం వెయ్యి లీటర్ల ట్యాంకులో వేస్తే చాలని డీలర్ అంటున్నాడు. నమ్మొచ్చా?

చేద_తాడు: నమ్మకండి. లీటరుకు 2 మి.గ్రా. లెక్కన వెయ్యి లీటర్లకు 2 గ్రాములు కావాలి. ఆ మిషన్‌కు పది గంటలు పడుతుంది. మన నీళ్ల వేడికి ఓజోన్ ఇరవై నిమిషాలకోసారి సగానికి సగం పోతుంటే ఇక నిలిచేదెంత? అక్వేరియంలో బుడగలు వదిలే రాయితో వదిలితే చాలావరకు గాలిపాలే.

మీ బావిలో సుమారు 28 వేల లీటర్లున్నాయి. వెయ్యికి రెండున్నర గ్రాముల చొప్పున 70 గ్రాముల తాజా బ్లీచింగ్ (నీళ్లలో క్లోరిన్ వదిలే పొడి). ముందు ముద్దగా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే బావిలోకి దించాలి. చేదతో బాగా కలియబెట్టి గంట ఆగాక క్లోరోస్కోపులో (మిగిలిన క్లోరిన్ కొలిచే కిట్) లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. చూపాలి. చూపలేదంటే పౌడర్ చచ్చిపోయిందన్నా అనుకోవాలి, నీళ్లలో మురికి ఎక్కువన్నా అనుకోవాలి.

వెంచురి: మిషన్ బొమ్మదైతే ఓజోన్‌దా తప్పు? విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఈ మోతాదు క్లోరిన్‌కు చావదు, ఓజోన్‌కు లొంగుతుంది, కాకపోతే మామూలు క్రిముల కంటే ఎక్కువ మోతాదు కావాలి. సరైన మిషన్ కొని, పంపు లైనులో వెంచురి (వాయువును నీళ్లలోకి లాగే సన్న నడుము గొట్టం) పెట్టి, ఆ తర్వాత మూత ట్యాంకులో లీటరుకు కనీసం 0.4 మి.గ్రా. ఓజోన్ నాలుగు నిమిషాలు నిలిచేలా చూడాలి. మిషన్‌లోకి పొడి గాలే వెళ్లాలి. తేమ తగిలితే లోపల నైట్రిక్ యాసిడ్ పుట్టి ఎలక్ట్రోడ్‌ను తినేస్తుంది. గాలిలో తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగిందంటే వేడిచేసి ఆరబెట్టాల్సిందే, వానాకాలం మరీనూ. రబ్బరు గొట్టాలు పగులుతాయి, టెఫ్లాన్ వాడండి. మిషన్‌ను నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టి చెక్ వాల్వ్ బిగించండి, లేకపోతే పంపు ఆగగానే నీళ్లు వెనక్కొచ్చి మిషన్ కాలిపోతుంది. మిగులు వాయువును గొట్టంతో ఇంటి బయటికి వదలాలి. వాసన వస్తోందంటే వాయువు కారుతున్నట్టే, ఎక్కువైతే ఊపిరితిత్తులకు ముప్పు.

చేద_తాడు: సరే, ఆ నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కాక మళ్లీ క్రిములు పెరగకుండా కాపలా ఎవరు? రెండు గంటలకే ఓజోన్ జాడ దాదాపు ఉండదు. పైగా అది పెద్ద సేంద్రియ పదార్థాలను చిన్న ముక్కలు చేస్తుంది, బ్యాక్టీరియాకు అవే మేత.

నీటి_ల్యాబు: ఇద్దరి మాటా కలిపితేనే పని. ముందు ఓజోన్, తర్వాత ఇసుక ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, ఆఖర్న క్లోరిన్. కార్బన్‌కు ముందు క్లోరిన్ వేస్తే అక్కడే హరించుకుపోతుంది. ఇనుము పరీక్ష ముందే చేయించండి. ఒక మి.గ్రా. ఇనుము 0.43 మి.గ్రా. ఓజోన్ తినేస్తుంది, తుప్పు రంగు మడ్డి ఫిల్టర్‌లో పేరుకుంటుంది. ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం ఓజోన్‌తో పోవు.

కోనసీమ_కొబ్బరి: మా నీళ్లు వేసవిలో కొంచెం ఉప్పగా ఉంటాయి. ఫరవాలేదా?

నీటి_ల్యాబు: సముద్రపు ఉప్పయితే అందులో బ్రోమైడు ఉంటుంది. ఓజోన్ తగిలితే అది బ్రోమేటు అనే హానికర పదార్థం అవుతుంది. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే, మరిగించినా పోదు. బ్రోమైడు రిపోర్టు వచ్చేదాకా మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. ఈలోపు బ్లీచింగ్ వేసి, తాగే నీళ్లు కాచుకోండి. కాస్తే ఆ వాసనా చాలావరకు పోతుంది.