సమస్య: నిద్రపోవువాఁడె నిద్ర చెఱచె

నిర్వాహకులు:
మొన్న రాత్రి విజయవాడ చేరబోతుండగా మా రైలు బండి స్టేషను వెలుపల, ఔటర్‌లో చాలాసేపు నిలిచిపోయింది. బండి కదులుతున్నంతసేపూ చప్పుడులో కలిసిపోయిన ఒక గురక, బండి ఆగగానే పెట్టె అంతటా వినిపించసాగింది. ఈ పాదం నాకు అక్కడే తట్టింది. ఈ వారం పూరణలన్నీ ప్రయాణంలో మనం పడే చికాకుల మీదనే ఉండాలని కోరుతున్నాను. కుంభకర్ణునితోనో ముచుకుందునితోనో పూరించడం అందరికీ తెలిసిన దారి కాబట్టి, అటువంటివి ఎంత చక్కగా ఉన్నా ఈసారి పరిశీలనకు తీసుకోను.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
నిర్వాహకులు విన్న గురకనే నేను ముప్పయ్యేళ్ళు విన్నాను. అందువల్ల మొదటి పూరణ నాదే కావడం న్యాయమని భావిస్తున్నాను.

రైలు పెట్టెలోన రాతిరి పది దాట
గురకరాయుఁడొకఁడు గోల సేయ
డెబ్బదొక్కరకును నిబ్బరమ్ము తొలంగె
నిద్రపోవువాఁడె నిద్ర చెఱచె

తణుకు తెలుగు పండితులు:
ధార బాగున్నది. మూడవ పాదంలో డెబ్బ, నిబ్బ అన్న ప్రాసయతి చెవికి ఇంపుగా ఉన్నది. అయితే గురక అన్నది ఈ సమస్య చూసిన ఎవరికైనా మొదటి క్షణంలో తోచే సమాధానం. సమస్యలోని విరోధాన్ని పరిహరించడం ఒక ఎత్తు, ఎవరూ ఊహించని చోట పరిహరించడం మరొక ఎత్తు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ‘పది దాట’ అన్న మాట గణం నింపడానికి వేసినట్లు కనబడుతున్నది. తొమ్మిదికి మొదలైతే గురక గురక కాకుండా పోతుందా?

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
పండితులవారు ఆ మాటను తేలికగా తీసివేయడం నన్ను బాధించింది. మధ్య బెర్తు ఎత్తుకొని పడుకొనే వేళ పూర్వం రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు ఉండేది. 2017లో దానిని పది నుండి ఆరుకు మార్చారు. తొమ్మిదిన్నరకే బెర్తు ఎత్తమని ఒకరు, ఇంకా భోజనం కాలేదని మరొకరు పడే తగవులు తీర్చి తీర్చి నా గొంతు పోయింది. పది దాటిన తరువాత అందరికీ నిద్రపోయే హక్కు ఉన్నది, ఆ హక్కును హక్కుగా నిద్రపోతున్నవాడే చెరుస్తున్నాడు. నా పద్యంలో బరువంతా ఆ ‘పది’ మీదనే ఉన్నది.

కర్నూలు యువకవి:
పెద్దలు మన్నించాలి. డెబ్బది యొక్కరు అన్న లెక్క పాత స్లీపరు పెట్టెకు సరిపోతుంది, ఎందుకంటే అందులో 72 బెర్తులు ఉండేవి. ఇప్పుడు ఎక్కువ బళ్ళకు తగిలిస్తున్న ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం స్లీపరులో 80 బెర్తులు ఉన్నాయి. పైగా పక్క కింది బెర్తు మీద, పూర్తి బెర్తు దొరకని ఆర్‌ఏసీ వారు ఇద్దరిద్దరు కూర్చుంటారు కాబట్టి, బెర్తుల లెక్క మనుషుల లెక్క కాదు.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
నేను ఉద్యోగం చేసిన పెట్టెలో 72 బెర్తులే ఉన్నాయి నాయనా. పద్యం కూడా ఆ పెట్టెలోనే జరిగింది.

తణుకు తెలుగు పండితులు:
నా పూరణ సమర్పిస్తున్నాను. దీనికి ఆధారం నేను స్వయంగా పడిన బాధ.

నాల్గు గంటలకును నా ప్రక్క బెర్తులో
సెల్లు మోఁగ లేచె నెల్ల జనము
దాని పెట్టినతఁడు తాను లేవకయుండె
నిద్రపోవువాఁడె నిద్ర చెఱచె

హనుమకొండ సోదరి:
మాస్టారు గారూ, ఇది మా అందరి అనుభవం. అలారం పెట్టుకొన్న మనిషి తప్ప చుట్టుపక్కల పన్నెండుమంది లేచి కూర్చుంటారు. అది అయిదు నిమిషాలకు ఆగి, మళ్ళీ పది నిమిషాలకు మొదలవుతుంది. పరాయి మనిషి ఫోను ముట్టుకొని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాదు. గురక మనిషి అదుపులో లేనిది కాబట్టి దానిని క్షమించవచ్చు, కాని అలారం తెలిసి చేసిన పని. అందుకే ఈ పూరణలో కోపానికి న్యాయం ఉన్నది.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
విషయం బాగున్నదని నేను కూడా ఒప్పుకొంటాను. అయితే ‘దాని పెట్టినతఁడు’ అన్నప్పుడు ‘దాని’ అన్న సర్వనామం దేనిని చూపుతున్నది? పై పాదంలో ఉన్నది సెల్లు. సెల్లును బెర్తులో పెట్టినవాడు అన్న అర్థం వస్తున్నదే తప్ప, అలారం పెట్టినవాడు అన్న అర్థం రావడం లేదు. పద్యం మొత్తంలో అలారం అన్న మాట గాని, దానికి సమానమైన మాట గాని లేదు. పాఠం చెప్పే వారి పద్యంలో ఇటువంటి అన్వయలోపం ఉండరాదు. నేనైతే మూడవ పాదం ఇలా వ్రాస్తాను:

గంట పెట్టినతఁడు కదలకుండఁ బరుండె

తణుకు తెలుగు పండితులు:
అన్వయం గురించిన అభ్యంతరం సరైనదే, దానిని స్వీకరిస్తున్నాను. సవరణను మాత్రం స్వీకరించలేను. ‘తాను లేవకయుండె’ అన్నచోట ‘తాను’ అన్న మాటలోనే నా బాధంతా ఉన్నది. లోకాన్ని లేపి తాను లేవని మనిషిని చూపించడమే నా ఉద్దేశం. ‘కదలకుండఁ బరుండె’ అంటే మనిషి కనబడుతున్నాడు గాని అన్యాయం కనబడడం లేదు. తప్పులేని పాదం కోసం ప్రాణమున్న పాదాన్ని వదులుకోవడం బిట్రగుంట వారికి అలవాటే. గత వారం ‘చెప్పు విడిచినపుడె చెప్పు దొరకె’ అన్న సమస్యకు వారు వ్రాసిన రెండవ పాదం నాకు ఇంకా గుర్తున్నది:

గుడిని వెడలి చూడఁ గొత్త జతయె

గణాలు, యతి అన్నీ చక్కగా కుదిరాయి. కాని అరిగిపోయిన తన చెప్పులు పోయిన చోట ఎవరిదో కొత్త జత కనబడితే, దానిని దొరికిన లాభంగా చెప్పడం నాకు మనస్కరించలేదు. ఆ జత విడిచిన భక్తుడు ఎండలో వట్టికాళ్ళతో ఇంటికి నడిచి ఉంటాడు.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
ఆ పద్యంలో నేను కొత్త జతను తొడుక్కొన్నానని ఎక్కడా అనలేదు. దొరకడం వేరు, తీసుకోవడం వేరు. నా జీవితంలో పెట్టెలో మరచిపోయిన సంచులు ఎన్నో దొరికాయి, అన్నింటినీ సొంతదారులకు చేర్చడానికే ప్రయత్నించాను. పండితులవారు చదవని అర్థాన్ని నా మీద మోపారు.

నిర్వాహకులు:
చెప్పుల చర్చ గత వారమే ముగిసింది. ఇద్దరూ మళ్ళీ పెట్టెలోకి రావాలని మనవి చేస్తున్నాను.

కర్నూలు యువకవి:
ఇందాక ఆర్‌ఏసీ మాట నేనే ఎత్తాను కాబట్టి పూరణ కూడా దాని మీదనే వ్రాశాను.

సగము బెర్తె నాది, సగమేమొ వానిది
కాళ్ళు చాచె వాఁడు గడియలోన
ముడుచుకొన్నా నేను మోకాళ్ళ మీఁదనే
నిద్రపోవువాఁడె నిద్ర చెఱచె

తణుకు తెలుగు పండితులు:
మూడవ పాదం రెండవ గణం చూడండి. ‘కొన్నా’ అన్నచోట రెండు గురువులు పడ్డాయి.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
ఈ విషయంలో పండితులవారితో నేను ఏకీభవిస్తున్నాను. ఆ దీర్ఘం వల్ల గణం చెడడమే కాక, మిగిలిన పద్యమంతా గ్రాంథికంలో నడుస్తుండగా ఈ ఒక్క క్రియ మాత్రం వాడుక భాషలోకి జారిపోయింది. ‘ముడుచుకొంటి నేను’ అంటే రెండు దోషాలూ ఒకేసారి తొలగుతాయి. పడుకోవడానికి చోటు దొరకలేదన్న తొందరలో వ్రాసినట్లున్నావు నాయనా. సగం బెర్తు వచ్చిన ఇద్దరిలో ముందుగా కాళ్ళు చాపినవాడిదే రాత్రి అంతా అన్నది మాత్రం నిజం. టీటీఈగా ఉన్నప్పుడు ఈ ఫిర్యాదు విననిరోజు నాకు లేదు. ఖాళీ బెర్తు ఇవ్వగలిగిన రాత్రులు చాలా తక్కువ, అది నాకు ఇప్పటికీ మనసులో ముల్లుగా ఉన్నది.

కర్నూలు యువకవి:
సవరణకు కృతజ్ఞుడిని. ‘ముడుచుకొంటి నేను మోకాళ్ళ మీఁదనే’ అని చదువుకోవలసిందిగా అందరినీ కోరుతున్నాను.

హనుమకొండ సోదరి:
అందరూ రైలులోనే ఉన్నారు. బస్సులో కూర్చొని తెల్లవార్లూ ప్రయాణించేవారి మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

బస్సు కుదుపులోన పక్కసీటునఁ గూలి
తల భుజాన నుంచెఁ దలగడనుచు
కదలలేక నేను గంటలు లెక్కింప
నిద్రపోవువాఁడె నిద్ర చెఱచె

తణుకు తెలుగు పండితులు:
రెండవ పాదం ఈ వారం వచ్చిన పాదాలన్నింటిలో అందమైనది. తల, తలగడ అన్న రెండు మాటలు యతిస్థానాల్లో ఎదురెదురుగా నిలిచాయి. ‘కదలలేక’ అన్నది ఇంకా బాగున్నది. కదిలితే ఆ మనిషి నిద్ర చెడుతుందన్న దయ ఒకవైపు, కదలకపోతే తన నిద్ర చెడుతుందన్న చికాకు మరొకవైపు ఉన్నాయి.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
ఇది స్త్రీల సీటు పక్కన జరిగినదైతే దయకు తావు లేదు, కండక్టరుకు చెప్పాలి.

హనుమకొండ సోదరి:
పక్కన ఉన్నది ఒక ముసలమ్మ అండీ. వేములవాడ మొక్కు తీర్చుకొని వస్తున్నది. పద్యంలో ‘వాఁడు’ సమస్య వల్ల వచ్చింది.

గుడివాడ అమ్మగారు:
నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ వ్రాయలేదు. ఈ సమస్య చూడగానే నాలుగేళ్ళ కిందటి పుష్యమాసపు రాత్రి గుర్తుకు వచ్చి వ్రాయకుండా ఉండలేకపోయాను. తప్పులుంటే పెద్దలు దిద్దాలి.

కాజిపేట రాఁగఁ గాస్త లేపుమటంచు
నాకుఁ జెప్పి యొకఁడు నడుము వాల్చె
కునుకు పట్టదాయె గుర్తుంచుకొను చింత
నిద్రపోవువాఁడె నిద్ర చెఱచె

ఆ అబ్బాయికి ఇరవై ఏళ్ళు ఉంటాయి. “అమ్మా, నేను పడుకొంటే లేవలేను, కాజీపేట రాగానే కాస్త లేపండి” అని అడిగి, నేను సరేనన్న మరుక్షణమే పై బెర్తు ఎక్కి నిద్రపోయాడు. నేను సికింద్రాబాదు వరకు హాయిగా పడుకోవలసినదాన్ని. చలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి బండి ఆగినప్పుడల్లా లేచి, కిటికీ ఎత్తి, ఊరి పేరు చూసుకొన్నాను. ఖమ్మం, డోర్నకల్, మహబూబాబాద్ అలాగే గడిచాయి. వరంగల్ వచ్చిన తరువాత కూర్చోను కూడా లేకపోయాను, ఎందుకంటే అక్కడి నుండి కాజీపేట ఎంతో దూరం లేదు.

హనుమకొండ సోదరి:
అమ్మా, ఇది చదివి నేను చాలాసేపు మరేమీ వ్రాయలేకపోయాను. ఆ రెండు స్టేషన్ల మధ్యనే మా ఊరు.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
పద్యం నిర్దోషంగా ఉన్నది. ఒక్క సందేహం మాత్రం చెప్పాలి. 139కి ఫోను చేసి దిగవలసిన స్టేషను చెబితే, అది రావడానికి ముందే వారు ఫోను చేసి లేపుతారు. ఆ సదుపాయం ఉండగా పరాయివారి నిద్ర చెడగొట్టడం ఆ అబ్బాయి తప్పు కాదా?

గుడివాడ అమ్మగారు:
అతని ఫోనులో చార్జింగు అయిపోయింది బాబుగారూ. మా దగ్గరున్న చార్జింగు పాయింటులో ఎవరో ఫోను పెట్టి, ఎక్కడికో వెళ్ళి పడుకొన్నారు.

తణుకు తెలుగు పండితులు:
‘రాఁగఁ గాస్త’ అన్నచోట ‘కా’ను ‘గా’ చేసే సరళాదేశం పాటించి, దానిని ‘కాస్త’ వంటి వాడుక మాటకు చేర్చడం నాకు మొదట రుచించలేదు. రెండవసారి చదివినప్పుడు అది ఆ అబ్బాయి నోటి మాట అని తెలిసింది. ఆ మాటను మారిస్తే అతని చనువు పోతుంది. అందువల్ల నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకొంటున్నాను.

బిట్రగుంట విశ్రాంత టీటీఈ:
పండితులవారు ఒక అభ్యంతరాన్ని తమంతట తాము ఉపసంహరించుకోవడం నేను ఇదే మొదటిసారి చూడడం. అమ్మగారి పద్యానికి ఇంతకంటె గొప్ప ప్రశంస లేదు.

తణుకు తెలుగు పండితులు:
అందుకు అర్హమైన పద్యం వచ్చినందుకే ఉపసంహరించుకొన్నాను.

నిర్వాహకులు:
గురకలోను, అలారంలోను, చాచిన కాళ్ళలోను నిద్రపోతున్నవాడు ఏదో ఒకటి చేసి నిద్ర చెరిచాడు. అమ్మగారి పూరణలో అతడు ఏమీ చేయలేదు, నమ్మి నిద్రపోయాడు, అంతే. ‘నిద్రపోవువాఁడె’ అన్నచోట ఉన్న ఏకారానికి పూర్తి అర్థం వచ్చింది ఇక్కడనే. ఈ వారం మొదటి స్థానం దానికే ఇస్తున్నాను. సోదరి రెండవ పాదానికి ప్రత్యేకంగా అభినందనలు.

కర్నూలు యువకవి:
అమ్మా, చివరికి అతడు కాజీపేటలో దిగాడా?

గుడివాడ అమ్మగారు:
దిగాడు నాయనా. బండి ఆగకముందే లేపి, సంచి కూడా నేనే అందించాను. కిందికి దిగి కిటికీ దగ్గరకు వచ్చి, “మీరింక పడుకోండమ్మా” అన్నాడు.

నిర్వాహకులు:
వచ్చే వారానికి సమస్య ఇది. గడువు శనివారం రాత్రి వరకు.

ఎక్కనట్టి బండి యింటఁ జేర్చె