నాసెల్‌ని "తొడుగు" అనొచ్చా?

ప్రశ్న, మారతహళ్ళి నుంచి:
అందరికీ నమస్కారమండీ. పిల్లల పత్రికకి విమానాల మీద వ్యాసం రాస్తున్నాను. రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజిన్ ప్రొపెల్లర్‌ని తిప్పే విమానం) బొమ్మలో రెక్క ముందుకి పొడుచుకొచ్చిన భాగం, అదే నాసెల్, దానికి "ఇంజిన్ తొడుగు" అని రాస్తే సంపాదకురాలు "తొడుగంటే దిండు గలీబేనా?" అంటూ తిప్పి పంపారు. లోపల ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంట్‌కి కూడా మాట కావాలి. పెద్దలు చెప్పాలి.

మల్లేశ్వరం నుంచి:
నాసెల్ ఫ్రెంచి మాటండీ. చిన్న పడవ అని అర్థం. లాటిన్ నావిస్, మన సంస్కృతం నౌ ఒకే వేరువి. బెలూను కింద మనుషులు నిలబడే బుట్టనీ ఫ్రెంచివాళ్ళు నాసెల్ అనే అన్నారు. ఆ లెక్కన "ఇంజిన్ దోనె" అనొచ్చు.

మారతహళ్ళి:
దోనె అంటే పిల్లలు విమానాన్ని గోదాట్లో దింపేస్తారు సార్!

విమానపుర నుంచి:
నేను హ్యాంగర్లో పని చేసి రిటైరైనవాణ్ణి. కౌలింగ్, నాసెల్, మౌంట్ మూడూ వేరమ్మా. మీరు మూడిటినీ కలిపేస్తున్నారు. కౌలింగ్ అంటే లాచీలు తీసి తెరిచే పైరేకు. తొడుగు అన్న మాట దానికి చక్కగా అతుకుతుంది. అది విప్పేసినా ఇంజిన్‌కి ఏమీ కాదు, మౌంట్ విప్పితే మాత్రం ఇంజిన్ కింద పడుతుంది.

మౌంట్ బరువు మోయడానికే అనుకుంటారు చాలామంది. ప్రొపెల్లర్ ముందుకి లాగే లాగుడంతా ఆ చట్రం మీదుగానే రెక్కకి చేరుతుంది. ప్రొపెల్లర్ ఒక పక్కకి తిరుగుతుంటే ఇంజిన్ ఎదురు పక్కకి మెలిపడాలని చూస్తుంది. ఏటీఆర్ 72 అనే రెండు ఇంజిన్ల ప్రయాణికుల విమానం ప్రొపెల్లర్ కొస నుంచి కొసకి 3.93 మీటర్లు, ఆరు బ్లేడ్లు. అంతటిది తిరుగుతూ ఉండగా విమానం ముక్కు ఎత్తితే, ఆ తోపు పక్కకి వస్తుంది. ఇవన్నీ చట్రమే కాచుకోవాలి. పైగా ఆ అదురు సీట్ల దాకా రాకుండా మధ్యలో రబ్బరు దిమ్మలు పెడతారు. మరీ బిగువైతే అదురు లోపలికొస్తుంది, మరీ మెత్తనైతే ఇంజిన్ ఊగుతుంది.

ఊగితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. లాక్‌హీడ్ ఎలెక్ట్రా నాలుగు ఇంజిన్ల టర్బోప్రాప్. 1959 సెప్టెంబరు 29న టెక్సస్‌లో ఒకటి, 1960 మార్చి 17న ఇండియానాలో ఇంకొకటి, రెండూ గాలిలోనే రెక్క ఊడి కూలాయి. మొదటిదాంట్లో 34 మంది, రెండోదాంట్లో 63 మంది పోయారు. మౌంట్ బిగువు తగ్గితే తిరుగుతున్న ప్రొపెల్లర్ బొంగరం తూలినట్టు తూలుతుంది. ఆ తూలుడూ రెక్క ఊపూ ఒకే లయలో పడ్డాయంటే ఇక రెక్క నిలవదు. విర్ల్ ఫ్లట్టర్ అంటారు దాన్ని. కొన్నాళ్ళు వేగం తగ్గించి నడిపి, ఆ తర్వాత నాసెల్లూ మౌంట్లూ రెక్కా గట్టిపరిచారు. అంత పని చేసే దాన్ని గలీబు పక్కన కూర్చోబెడితే ఎలా?

మల్లేశ్వరం:
సరే, దోనె వద్దు. మౌంట్‌కి "ఇంజిన్ పీఠం" ఎలా ఉంది?

విమానపుర:
పీఠం అంటే పైన కూర్చుంటుంది కదండీ. ఇక్కడ ఇంజిన్ చట్రానికి ముందు వేలాడుతుంది. ఒకసారి "ఇంజిన్‌ని పట్టి ఉంచే చట్రం" అని చెప్పి, ఆపైన మౌంట్ అనే రాసుకోండి. నాసెల్‌కి నా ఓటు "ఇంజిన్ గూడు". క్యూ400 అనే ఇంకో టర్బోప్రాప్‌లో ల్యాండింగ్ గేర్ చక్రాలు కూడా ఆ గూట్లోకే మడుచుకుంటాయి. ఏటీఆర్‌లో అలా కాదు, పొట్ట పక్కన వేరే ఉబ్బులోకి పోతాయి.

మారతహళ్ళి:
గూడంటే పిట్ట గుడ్లు పెడుతుందనుకోరా?

మల్లేశ్వరం:
దీపపు గూడు లేదూ మన గోడల్లో? గూడుకి నాదీ ఓటే. అన్నట్టు ఇంజిన్ వెనక ఫైర్‌వాల్‌ని ఏమందాం? కంప్యూటరువాళ్ళు ఆ మాటని ఎప్పుడో ఎత్తుకుపోయారు.

విమానపుర:
"అగ్గి అడ్డు" అనండి. స్టెయిన్‌లెస్ స్టీలో టైటానియమో పలచటి రేకు. ఇంజిన్ అంటుకుంటే మంట రెక్క దాకా పోకుండా ఆపుతుంది. బొమ్మలో ఎర్రగీత గీసి చూపించండి.

ఇంకొకటి. ముందు మీ వాక్యం లోంచి "రెక్క ముందుకి" అన్న ముక్క తీసెయ్యండి. మన ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) వాళ్ళ సారస్ 2004 మే 29న మన బెంగళూర్లోనే తొలిసారి ఎగిరింది. రెండు టర్బోప్రాప్‌ల విమానమే, కానీ ఇంజిన్లు రెక్క మీద ఉండవు. తోక వైపు ఒంటికి అటూ ఇటూ, పొట్టి రెక్క ముక్కల మీద ఉంటాయి. ప్రొపెల్లర్లు వెనక్కి తిరిగి ఉండి విమానాన్ని నెడతాయి, లాగవు. మీ పత్రిక బెంగళూరు పిల్లలకి కూడా కదమ్మా, ఆ బొమ్మ కూడా వెయ్యండి.