వరి వేళ్లలోని బాక్టీరియాను నమ్మి యూరియా తగ్గించవచ్చా? (మాగాణి, గట్టుమీద, నారుమడి అనేవి మాట్లాడుకునే ముగ్గురి మారుపేర్లు.)

మాగాణి: పప్పుజాతి మొక్కల్లా వరి వేళ్లకు, గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా ఉండే బుడిపెలు రావు, నిజమే. అయినా బాక్టీరియా వేళ్లలోకి దూరి కాపురం పెడుతుంది. ఈజిప్టు నైలు డెల్టాలో బర్సీం అనే పప్పుజాతి పశుగ్రాసం, వరి మార్చి మార్చి వేస్తారు. బర్సీం బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియానే అక్కడి వరి వేళ్ల లోపల దొరికిందని 1997లో ప్రచురించారు. గాలి నిండా నత్రజని ఉండగా ఇన్ని బస్తాల యూరియా ఎందుకు? సగం తగ్గిద్దాం.

గట్టుమీద: లోపల అంటే ఎక్కడండీ? కణంలోనా, కణాల సందుల్లోనా?

మాగాణి: ఎక్కువగా సందుల్లో. అయితే ఏం?

గట్టుమీద: కీలకమే అది. చిక్కుడు బుడిపెలో మొక్క బాక్టీరియాను తన కణంలోనే పొరలో చుట్టి పోషిస్తుంది. లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్‌తో ఆక్సిజన్‌ను అదుపులో ఉంచుతుంది. ఎందుకంటే ఆక్సిజన్ తగిలితే నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైము పాడవుతుంది. ఒక్క నత్రజని అణువు అమ్మోనియాగా మారడానికి కనీసం 16 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) ఖర్చు. సందుల్లో బతికేదానికి ఇంత వసతి ఎవరిస్తారు?

నారుమడి: ఆ రైజోబియం వల్ల నైలు వరికి కలిగిన మేలు కూడా ఎక్కువగా వేళ్లు బాగా పెరిగి, నేలలోని పోషకాలు లాగడం వల్లే.

మాగాణి: మరి అడవి వరి? 2001లో ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరిలోని హెర్బాస్పిరిల్లం బాక్టీరియా మొక్క లోపలే గాలి నత్రజనిని పట్టిందని ఐసోటోపుతో, అంటే గుర్తుపట్టగలిగే బరువైన నత్రజనితో చూపారు.

గట్టుమీద: ఎక్కడుందో కనబడేలా మెరిసే జన్యువు తగిలించిన అదే బాక్టీరియాను సాగు వరికి పట్టిస్తే కాండంలో మెరుపే కనబడలేదు. పైగా దాన్ని తీసింది కాండం నుంచి, వేరు నుంచి కాదు.

మాగాణి: మళ్లీ వేరా, కాండమా! మీకు పైరు అక్కర్లేదు, పట్టుకోవడానికో మాట దొరికితే చాలు.

గట్టుమీద: పైరు అక్కర్లేదా? జీవన ఎరువు ప్యాకెట్ అమ్మినాయన మాట నమ్మి ఒక ఏడు సగం యూరియా మానేశాను. పిలకలు వేసే వేళకు మడంతా పసుపెక్కింది. ఆలస్యంగా చల్లిన యూరియా ఆదుకోలేదు. ఆ నష్టం మీరు పంచుకున్నారా?

నారుమడి: ఆ ప్యాకెట్లో బతికున్న బాక్టీరియా ఉందో లేదో!

మాగాణి: నా సంగతీ వినండి. మా బావి నీళ్లలో, యూరియా నుంచి కూడా వచ్చే నైట్రేటు ఎక్కువని తేలింది. పసిదానికి ఆ నీళ్లు పట్టొద్దన్నారు. నా తొందర అందుకు.

గట్టుమీద: ఇది మొదటే చెప్పాల్సింది. ఇన్నాళ్లూ బాక్టీరియా పేరు చెప్పి ఎవరి నష్టం కోసం వాళ్లం కొట్టుకున్నాం. ఒక మూల రెండు చిన్న మడులు కట్టండి. రెండింటికీ సగం యూరియానే, బాక్టీరియా ఒకదానికే. నీళ్లు కలవకుండా గట్టు ఎత్తుగా వేయండి. బాక్టీరియా వేయని ఆ రెండో మడి లేకుంటే ఏదీ తేలదు.

మాగాణి: కడతాను. కానీ అందరం ఇలా మూలల్లోనే చూస్తూ కూర్చుంటే నా బావి ఎప్పటికి బాగుపడుతుంది?