సొంతంగా లారీ చేసేటప్పుడు గేర్లు కూడా మనమే చేయాలా? కొనుక్కుంటే తప్పా?

సన్‌బోర్డ్_సుబ్బు – గుంటూరు

అందరికీ నమస్కారం. 1/14 సైజులో, అంటే అసలు దానిలో పద్నాలుగో వంతు, టాటా 1613 లారీ మోడల్ చేస్తున్నా. క్యాబిన్, బాడీ అంతా సన్‌బోర్డ్ (తేలికపాటి ప్లాస్టిక్ ఫోమ్ షీటు). తలుపులు తెరుచుకుంటాయి, లైట్లు వెలుగుతాయి, వెనక హారన్ రాతలు, నిమ్మకాయలు, మిరపకాయలు కూడా అయిపోయాయి. ఇప్పుడు కింద తిరిగే సామాన్ల దగ్గర ఆగిపోయా.

మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన ఫోటో చూసి, "గేర్లు, యాక్సిల్ కొనుక్కొచ్చి బిగిస్తే అది నువ్వు చేసిన లారీ కాదు, బొమ్మకి చొక్కా తొడిగినట్టు" అన్నాడు. ఆ మాట అక్కడే వదిలేయలేక ఇక్కడ అడుగుతున్నా. నా దగ్గర లేత్ లేదు. చేతి డ్రిల్లు, హాక్సా, ఆకురాళ్ళు, స్నేహితుడి ఇంట్లో ఒక 3డి ప్రింటర్ ఉన్నాయి. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఇంట్లోనే చేయాలా, కొనాలా? ఏది చేస్తే బండి సరిగ్గా నడుస్తుంది?

ఆటోనగర్_లేత్ – విజయవాడ

మీ గ్రూప్ ఆయన మాట కటువుగా ఉన్నా తప్పు లేదు తమ్ముడూ. లారీకి అందం క్యాబిన్‌లో ఉండొచ్చు, ప్రాణం మాత్రం క్రౌన్, పినియన్‌లో, అంటే షాఫ్టు తిప్పుడుని వెనక చక్రాల వైపు మళ్ళించే గేర్ల జతలో ఉంటుంది. అది కొనేశాక ఇంక నువ్వు చేసిందేముంది, డబ్బా తప్ప?

గేర్ కోయడం బ్రహ్మవిద్యేం కాదు. పళ్ళని సమానంగా పంచే డివైడింగ్ హెడ్ ఉంటుంది, దాని హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే పని ఒక చుట్టు తిరుగుతుంది. 32 పళ్ళు కావాలంటే పన్నుకి ఒకటింపావు చుట్టు. ఇత్తడి రౌండ్ పట్టించి, ఒక్కో పన్నుకి హ్యాండిల్ తిప్పి, పిన్ను రంధ్రంలో పడిందో లేదో చూసి, కట్టర్ దించడమే. ఎక్కడా లెక్క తప్పకపోతే చివరి పన్ను సందు మొదటి దానికి కచ్చితంగా కలుస్తుంది. తప్పితే చివర్లో సగం పన్ను మిగులుతుంది, ఆ ముక్క పక్కన పారేయాలి. బెజవాడలో, హైదరాబాద్ బాలానగర్‌లో ఇలాంటి పని చేసే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. కాగితం మీద బొమ్మ గీసి కొలతలు రాసిస్తే చాలు.

డాలస్_డ్రైవర్ – టెక్సాస్

లేత్ బాబాయ్, మీ పక్కన మిల్లింగ్ మెషిన్ ఉంది కాబట్టి అంత తేలిగ్గా చెప్తున్నారు. సుబ్బు దగ్గర ఆకురాయి ఉందంటున్నాడు!

ఇక్కడ 1/14 అంటే టామియా కంపెనీయే. 1990ల నుంచి వాళ్ళ లారీ కిట్లు వస్తున్నాయి. 540 సైజు మోటారు, మూడు స్పీడుల గేర్‌బాక్స్, రిమోట్‌లో మూడో ఛానెల్ నొక్కితే సెర్వో అనే చిన్న మోటారు గేరు మారుస్తుంది. ఇక్కడి క్లబ్బుల్లో చాలామంది ఆ గేర్‌బాక్స్, యాక్సిళ్ళు విడిగా కొనుక్కుని, ఛాసిస్, క్యాబిన్ సొంతంగా చేసుకుంటారు. వాళ్ళని ఎవరూ దొంగలని అనరు. టైర్లు నువ్వే పోశావా? బేరింగులు నువ్వే చేశావా? గీత ఎక్కడో ఒక దగ్గర గీసుకోవాలిగా.

ఆటోనగర్_లేత్

బేరింగ్ ఎవడూ చేయడు. అసలు లారీ కంపెనీలే బయట కొంటాయి. క్రౌన్ పినియన్ సంగతి వేరు.

లెక్కల_టీచర్ – కాకినాడ

ఎవరు చేశారన్నది తర్వాత. ముందు ఏం చేయాలో లెక్క వేద్దాం. ఇంతవరకూ ఒక్కరూ ఒక్క అంకె అడగలేదు.

లారీ టైరు ఎత్తు సుమారు 1050 మి.మీ. 14తో భాగిస్తే 75 మి.మీ. రోడ్డు మీద గంటకి 60 కి.మీ. పోయే లారీ మన సైజులో గంటకి 4.3 కి.మీ. పోవాలి, అంటే మనిషి నడక. దానికి చక్రం నిమిషానికి 300 చుట్లు తిరిగితే చాలు. 540 మోటారు బరువు మోస్తూ ఏ 12,000 చుట్లో తిరుగుతుందనుకుంటే, మొత్తం తగ్గింపు 40కి 1 కావాలి. చాలా సొంత బళ్ళు లారీలా కాకుండా ఎలకలా పరిగెత్తేది ఇక్కడే. క్యాబిన్ మీద నెలలు పెట్టి, ఈ భాగహారం మీద పది నిమిషాలు పెట్టరు.

ఇక బరువు. పొడవు 14 వంతులు తగ్గితే బరువు 14×14×14, అంటే 2744 వంతులు తగ్గాలి. 1613లో 16 అంటే లోడుతో 16 టన్నులు. మన బండిలో అది ఆరు కిలోల లోపు. ఆరు కిలోల బండి నూటికి పది ఎత్తున్న ర్యాంపు ఎక్కాలంటే చక్రాల దగ్గర 2.25 కిలో-సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. రాపిడి, మొదటి కదలిక కలిపి దానికి రెట్టింపు పెట్టుకోండి.

కాలేజీ రోబో పోటీలకి వాడే జాన్సన్ గేర్డ్ మోటారు చూడండి సుబ్బు గారూ. 12 వోల్టులు, 6 మి.మీ. షాఫ్టు, గేర్ డబ్బా వ్యాసం 37 మి.మీ. లారీ ఫ్రేమ్ వెడల్పు మన సైజులో 60 మి.మీ. పైనే వస్తుంది, కాబట్టి మధ్యలో దూరుతుంది. యాక్సిల్‌లో 2కి 1 తగ్గింపు ఉంటే నిమిషానికి 600 చుట్లది, 3కి 1 ఉంటే 1000 చుట్లది తీసుకోండి. మీ గేర్‌బాక్స్ సమస్య అక్కడితో తీరిపోతుంది. మిగిలేది యాక్సిల్ ఒక్కటే. ఒక జాగ్రత్త: అమ్మేవాళ్ళు స్టాల్ టార్క్ పెద్ద అక్షరాలతో రాస్తారు. అది మోటారు ఆగిపోయే చోటు. పని దానిలో పావు వంతు దగ్గర చేయించాలి.

నేషనల్_పర్మిట్ – సూర్యాపేట

మా నాన్న పదహారు పదమూడు నడిపాడు. లోడు బండి కదలడం చూడండి ఒకసారి. క్లచ్ వదిలాక ముందు ముక్కు కొంచెం లేస్తుంది, వెనక కమాన్లు కిర్రుమంటాయి, అప్పుడు మెల్లగా చక్రం కదులుతుంది. యూట్యూబ్‌లో ఎంత అందంగా చేసిన బండైనా స్టార్ట్ అవ్వగానే కప్పలా గెంతితే నేను ఆపేస్తా. గేరు ఎవరు చేశారో నాకు అనవసరం. స్లోగా పోతుందా, లేదా?

ప్రింట్_పిచ్చోడు – కూకట్‌పల్లి

అందరూ ఇత్తడి, టామియా అంటున్నారు. సుబ్బు అన్నా, మీ ఫ్రెండ్ ప్రింటర్ ఉందిగా, దాంతోనే అయిపోతుంది. కాకపోతే అందరూ చేసే పొరపాటు చిన్న పళ్ళు పెట్టడం. మాడ్యూల్ (పన్ను సైజు చెప్పే అంకె) 0.5 తీసుకుంటే పన్ను మందం 0.78 మి.మీ. ప్రింటర్‌లో ప్లాస్టిక్ వచ్చే నాజిల్ రంధ్రం 0.4. అంటే పన్నుకి రెండు గీతలు, అది గేరు కాదు, ప్రార్థన. మాడ్యూల్ 1 పెట్టండి. పన్ను మందం 1.57, నాలుగు గీతలు పడతాయి. ఇంట్లో వేసే రంధ్రం 0.2 మి.మీ. అటూ ఇటూ పోవడం మామూలే. మాడ్యూల్ 0.5లో పన్ను మొత్తం లోతే 1.125 మి.మీ., అందులో 0.2 పోతే పళ్ళు సగం పట్టుకుని జారతాయి. మాడ్యూల్ 1లో లోతు 2.25, కాబట్టి అదే తప్పు కడుపులో పెట్టుకుంటుంది. 12 పళ్ళు, 36 పళ్ళ జత అయితే షాఫ్టుల మధ్య దూరం సరిగ్గా 24 మి.మీ.

గేరు పడుకోబెట్టి ప్రింట్ చేయండి. షాఫ్టు మాత్రం ఎప్పుడూ ప్రింట్ చేయొద్దు, నిలబెట్టి చేస్తే పొర దగ్గర పుటుక్కుమంటుంది. పాత ఇంక్‌జెట్ ప్రింటర్ విప్పితే నున్నటి స్టీల్ రాడ్లు దొరుకుతాయి, అవి వాడండి. గేరు మధ్యలో డీ ఆకారం రంధ్రం పెట్టి నమ్ముకోకండి, అది నాలుగు రోజుల్లో గుండ్రం అయిపోతుంది. ఇత్తడి హబ్ (షాఫ్టుని పట్టుకునే గుండ్రటి ముక్క) పెట్టి మూడు స్క్రూలతో గేరుకి బిగించండి.

ఆటోనగర్_లేత్

ఆ ఇత్తడి హబ్ ఎక్కడ చేస్తారు? లేత్ మీదేగా! తిరిగి తిరిగి మా దగ్గరికే వచ్చారు. ఇంకోటి, మీ పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రెంటచింతలలో బండిని మేడ మీద పెట్టి చూడండి, పళ్ళు నాలుకలైపోతాయి.

ప్రింట్_పిచ్చోడు

మే నెలలో మేడ మీద నేనే మెత్తబడతాను బాబాయ్. పీఎల్‌ఏ వద్దు, నైలాన్ వాడొచ్చు, పీఈటీజీ అయినా 80 దాకా తట్టుకుంటుంది. ఒప్పుకునే సంగతి ఒకటుంది: క్రౌన్ పినియన్‌లాంటి వంకర పళ్ళ గేర్లు ప్రింట్‌లో నాకెప్పుడూ బాగా రాలేదు. తిరుగుతాయి గానీ కరకరమని అరుస్తాయి.

సన్‌బోర్డ్_సుబ్బు

టీచర్ గారూ, థ్యాంక్స్. మోటారు సంగతి తేలిపోయింది. మరి క్రౌన్ పినియన్? మా వీధి మెకానిక్ పాత యాంగిల్ గ్రైండర్ ఒకటి ఇస్తానన్నాడు. అందులో ఉంటాయి కదా?

నేషనల్_పర్మిట్

ఉంటాయి. స్టీలువి, గట్టివి, ఏనుగు ఎక్కినా విరగవు. కానీ కొలిచి చూసుకో అన్నా. నాలుగంగుళాల గ్రైండర్‌లో క్రౌన్ 40 మి.మీ. దాకా ఉండొచ్చు. దానికి హౌసింగ్ తొడిగితే యాక్సిల్ మధ్య ముద్ద 45 దాటుతుంది. అసలు లారీలో అది 600 మి.మీ. పైన పడుతుంది, ఏ టాటాకీ అంత పొట్ట ఉండదు. వెనక నుంచి ఫోటో తీసినప్పుడు మొదట కనబడేది అదే.

డాలస్_డ్రైవర్

డబ్ల్యూపీఎల్ అని 1/16 చైనా బళ్ళున్నాయి. వాటికి మెటల్ గేర్ల యాక్సిల్ విడిగా దొరుకుతుంది, మధ్య గుండు చిన్నగా, ముచ్చటగా ఉంటుంది. గుండు అదే ఉంచి, రెండు వైపులా గొట్టం, లోపలి షాఫ్టులు పొడవుగా కొత్తవి చేయించుకోవాలి. మీ 1613కి వెనక టైర్ల అంచు నుంచి అంచుకి 170 మి.మీ. రావాలి. ఇబ్బంది ఏమిటంటే అందులో డిఫరెన్షియల్ లేదు, రెండు చక్రాలూ ఒకే షాఫ్టు.

లెక్కల_టీచర్

ఆ ఇబ్బంది చిన్నది కాదు. చక్రాల మధ్య దూరం 130 మి.మీ. అనుకోండి. అర మీటరు వంపు తిరిగేటప్పుడు లోపలి చక్రం 435 మి.మీ. వంపులో, బయటి చక్రం 565లో పోతాయి. షాఫ్టు ఒకటే అయితే ఆ తేడా అంతా టైరు జారడంలో పోవాలి. పైగా మన లారీకి వెనక జంట టైర్లు, పట్టు ఎక్కువ. గచ్చు మీద స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగి ఉంటాయి, బండి మాత్రం తిన్నగా పోతూ ఉంటుంది.

డిఫరెన్షియల్ గేర్లు లేకుండా ఆ గుణం కావాలంటే ఒక దారి ఉంది. ఎన్20 అనే చిన్న గేర్డ్ మోటార్లు రెండు, ఒక్కో వైపు ఒకటి, యాక్సిల్ గొట్టంలో పెట్టి సిరీస్‌లో కలపండి. రెండిట్లోనూ ఒకే కరెంటు పోతుంది కాబట్టి టార్క్ సమానం, వేగం మాత్రం దేని దారి దానిది. పేరలల్‌లో కలిపితే ఈ గుణం పోతుంది, రెండూ ఒకే వేగానికి మొండికేస్తాయి. సిరీస్‌లో వోల్టేజీ సగం సగం పంచుకుంటాయి కాబట్టి మూడు సెల్లుల 11.1 వోల్ట్ బ్యాటరీకి 6 వోల్టుల మోటార్లు తీసుకోవాలి. ఒక చక్రం గాలిలో లేస్తే అది మాత్రమే గిర్రున తిరుగుతుంది, అసలు లారీ బురదలో చేసేదీ అదే. ఆరు కిలోల లోడు మాత్రం వీటితో ఆశించొద్దు. ఖాళీ బండికే.

ఆటోనగర్_లేత్

అమ్మా, లెక్క బాగుంది. కానీ ఆ బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు (ముందు నుంచి వెనక యాక్సిల్‌కి తిప్పుడు చేర్చే రాడ్డు) ఉండదు. కింద జాయింట్ క్రాసు తిరుగుతూ కనబడని లారీ లారీయేనా?

లెక్కల_టీచర్

మీరు చూసేది కింద పడుకుని. మిగతా వాళ్ళు నిలబడి చూస్తారండీ.

నేషనల్_పర్మిట్

హహ. ఈ ఒక్కదాంట్లో బాబాయ్ వైపే నేను. షాఫ్టు తిరగాలి.

సన్‌బోర్డ్_సుబ్బు

సరే, ఇలా అనుకుంటున్నా. గ్రైండర్ వద్దు. జాన్సన్ 600 మోటారు క్యాబిన్ కింద, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు. క్రాసు జాయింట్లు ఇత్తడి గొట్టం, ఎం3 స్క్రూలతో నేనే చేస్తా, దానికి ఆకురాయి చాలు. స్టీరింగ్ లింకులకి సైకిల్ పుల్లలు. యాక్సిల్ గుండు డబ్ల్యూపీఎల్‌ది కొంటా. డిఫరెన్షియల్ బదులు ఎడమ చక్రాలకి మాత్రమే డ్రైవ్ ఇచ్చి, కుడి వైపు బేరింగ్ మీద వదిలేస్తే ఎలా ఉంటుంది?

డాలస్_డ్రైవర్

పనిచేస్తుంది, తిరగడం హాయిగా ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడు కొంచెం పక్కకి లాగుతుంది. రిమోట్‌లో స్టీరింగ్‌ని కాస్త పక్కకి సర్దే ట్రిమ్‌తో సర్దుకోవచ్చు.

లెక్కల_టీచర్

లోడుతో ర్యాంపు మీద మాత్రం పట్టు సగమే. ఆ గుండులో తగ్గింపు ఎంతో కొన్నాక చేత్తో తిప్పి లెక్కపెట్టి, అప్పుడు మోటారు ఆర్డర్ చేయండి. ముందే 600 అనుకోవద్దు.

ఆటోనగర్_లేత్

ఒంటి కాలి లారీ. నాకు నచ్చలేదు, చెప్తున్నా. గుండు కొనుక్కో, తప్పదంటే. కానీ రెండు గొట్టాలు, షాఫ్టులు, హబ్బులు బయట ఎక్కడా చేయించకు. వాటి కొలతలు ఇక్కడే పెట్టు. షాఫ్టుకి ఎన్8 స్టీలు వేస్తా, 5 మి.మీ. అయితే 625 బేరింగ్ సరిపోతుంది, బయట 16 మి.మీ. ఆ గొట్టంలోపల ఒక మనిషి చేత్తో చేసిన స్టార్ గేర్లు (డిఫరెన్షియల్ లోపలి గేర్లు) నాలుగు పట్టే చోటు కూడా వదులుతా. తర్వాత మనసు మారితే మళ్ళీ విప్పాల్సిన పని ఉండదు.

సన్‌బోర్డ్_సుబ్బు

కొలతలు రాత్రికి పెడతా బాబాయ్. 16 మి.మీ. బేరింగ్ పట్టాలంటే గొట్టం బయట 20 అవుతుంది కదా, కమాన్ కట్టల మీద యూ-బోల్టు దానికి తగ్గట్టు వంచాలి. సైకిల్ పుల్ల దానికి సన్నమేమో?

నేషనల్_పర్మిట్

సన్నమే. 3 మి.మీ. స్టీల్ కడ్డీ తీసుకుని డై తో మర వేయించు. యూ-బోల్టు నట్లు రెండేసి పెట్టు, అసలు బండికి అలాగే ఉంటాయి.